మా పేరేంటో కాగితం మీద రాసివ్వండి

తెలుగు దినపత్రికల యాజమాన్యాలకు, సంపాదకులకు, సర్క్యులేషన్ మేనేజర్లకు, తెలంగాణ కార్మిక శాఖ అధికారులకు బహిరంగ లేఖ

విషయం: వార్తలు రాసేవాళ్లకు, పత్రిక అమ్మేవాళ్లకు మీ రికార్డుల్లో పెట్టిన పేర్లు, వాటివల్ల జరుగుతున్న నష్టం

అయ్యా, అమ్మా, నమస్కారం.

నేను వరంగల్ జిల్లా నర్సంపేట డివిజన్‌లో ఒక మండలంలో ఉంటాను. తెల్లవారుజామున పేపర్ కట్టలు విప్పేదీ నేనే, పగలు వార్తలు పంపేదీ నేనే. మండలాల్లో ఇది కొత్తేమీ కాదు. విలేకరి పని కావాలంటే ఏజెన్సీ కూడా తీసుకోమంటారు. ఈ పద్ధతి పెట్టింది మీరే కాబట్టి మీకు వివరించక్కర్లేదు. చుట్టుపక్కల మండలాల వాళ్లం కొందరం కలిసి వరంగల్‌లోని ఒక పత్రిక యూనిట్ ఆఫీసులో వినతిపత్రం ఇచ్చాం. హైదరాబాద్‌కు పంపామన్నారు. కార్మిక శాఖ ఆఫీసుకు పోతే, "అసలు మీరు ఉద్యోగుల కిందికి వస్తారో రారో ముందు తేలాలి" అన్నారు. తేల్చాల్సింది తామేనన్న సంగతి వాళ్లకు గుర్తు రాలేదు. రెండుచోట్లా రసీదు ఇచ్చారు, జవాబు ఇవ్వలేదు. అందుకే ఈ ఉత్తరాన్ని అందరి ముందూ పెడుతున్నాం.

ఊళ్లో నన్ను పొద్దున "పేపరాయన" అంటారు. కొంచెం పొద్దెక్కాక అదే నోటితో "రిపోర్టర్ సాబ్" అంటారు. పోలీస్ స్టేషన్‌లో "ప్రెస్ వాళ్లు", మండలాఫీసులో "విలేకరి గారు". పిలిచేవాళ్లకు నేను చేసే పని తెలుసు, పనిని బట్టి పిలుస్తారు. మీ పుస్తకాల్లో మాత్రం నేను పొద్దున "ఏజెంట్", పగలు "కంట్రిబ్యూటర్". నా దగ్గర సైకిల్ మీద పేపర్ వేసే మనిషికి యాభై దాటాయి, మనవరాలు బడికి పోతోంది, ఆయన మీకు "బాయ్". ఈ మూడు పేర్లకూ మీవైపు నుంచి ఒక సౌకర్యం ఉంది. మూడింటిలో ఏ పేరు పెట్టినా ఆ మనిషి మీ ఉద్యోగి కాడు.

విలేకరా, విలేఖరా, ఏది సరైన మాట అని పండితులు తీరిగ్గా వాదించుకోవచ్చు. మాకు ఏదైనా సరే, సంతకం, ముద్ర వేసి ఇస్తే చాలు.

మా పక్కనే, ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉన్న ఇనుగుర్తి నుంచి 1922లో ఒద్దిరాజు సోదరులు తెనుగు పత్రిక నడిపారు. నిజాం పాలనలో, ఉర్దూ రాజ్యమేలుతున్న రోజుల్లో, ఒక పల్లెటూరు నుంచి తెలుగు పత్రిక వచ్చింది. ఇమ్రోజ్ పత్రిక నడిపి, 1948 ఆగస్టులో హైదరాబాద్‌లో హత్యకు గురైన షోయబుల్లాఖాన్‌దీ మానుకోట (మహబూబాబాద్) ప్రాంతమే. నవంబర్ 16న జాతీయ పత్రికా దినోత్సవం సభల్లో వీళ్ల పేర్లు చెప్పి మాకు శాలువాలు కప్పుతారు. శాలువా కప్పేటప్పుడు మేం "పాత్రికేయ మిత్రులం". మర్నాడు ఆస్పత్రిలో పడితే కంట్రిబ్యూటర్లం. శాలువాలు మాకు చాలానే ఉన్నాయి.

ఇక అసలు విషయాలు.

1. చట్టం మమ్మల్ని వదిలిపెట్టలేదు, మీరు రాయించుకున్న కాగితం వదిలిపెట్టించింది.

వర్కింగ్ జర్నలిస్టుల చట్టం 1955లో వచ్చింది. అందులో సంపాదకుడి నుంచి ప్రూఫ్ రీడర్ దాకా పేర్లు చెప్పారు. రిపోర్టర్, కరస్పాండెంట్ ఆ జాబితాలో ఉన్నారు. పూర్తికాలం పనిచేసినా, పార్ట్‌టైమ్ చేసినా వర్కింగ్ జర్నలిస్టే అని స్పష్టంగా రాశారు. పెట్టిన ముఖ్యమైన షరతు, జర్నలిజం ఆ మనిషికి ప్రధాన వృత్తి అయి ఉండాలి. ఆ చట్టాన్ని 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో కలిపారు. కొత్త కోడ్‌లోనూ పార్ట్‌టైమ్ మాట అలాగే ఉంది, టీవీల వంటి ఎలక్ట్రానిక్ మీడియాలో పనిచేసేవాళ్లు కూడా అందులో చేరారు. ఆ కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది.

ప్రధాన వృత్తి అన్న మాట దగ్గరే మాకు ముడి పడింది. పనిలో చేరేటప్పుడు మా చేత ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. "నా ప్రధాన జీవనాధారం వ్యవసాయం. అభిరుచి కొద్దీ వార్తలు పంపుతున్నాను. నేను సంస్థ ఉద్యోగిని కాను." ఎకరం భూమి కూడా లేనివాళ్లు ఆ కాగితం మీద రైతులయ్యారు. ఎల్ఐసీ పాలసీ ఒక్కటి కూడా చేయించనివాళ్లు ఎల్ఐసీ ఏజెంట్లయ్యారు. ఆ అభిరుచి కొద్దీ పనిచేసేవాడికి రాత్రి పదకొండింటికి డెస్క్ నుంచి ఫోన్ వస్తుంది. "వేరే పేపర్లో వచ్చింది, మనకెందుకు మిస్సయింది?" అని. అభిరుచి మీద సంజాయిషీ అడిగే ఏర్పాటు ఇంకెక్కడా ఉండదనుకుంటా.

పత్రికల్లో పనిచేసేవాళ్ల జీతాల మీద మజీఠియా వేజ్‌బోర్డు చేసిన సిఫార్సులను కేంద్రం 2011 నవంబర్ 11న నోటిఫై చేసింది. సుప్రీంకోర్టు 2014 ఫిబ్రవరి 7న వాటిని సమర్థించింది. కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లకూ అవి వర్తిస్తాయని 2017 జూన్ 19 తీర్పులో చెప్పింది. ఆ జీతాలు రేపే ఇవ్వమని ఈ ఉత్తరంలో అడగడం లేదు. మేం ఆ లెక్కలోకి వస్తామని ముందు ఒప్పుకోండి, ఎంత అన్నది తర్వాత మాట్లాడుకోవచ్చు.

2. దెబ్బ తగిలితే ఎవరూ లేరు.

2022 జూలైలో జగిత్యాల జిల్లాలో వరద వార్తకు వెళ్లిన ఒక టీవీ విలేకరి కారుతో పాటు వాగులో కొట్టుకుపోయి చనిపోయాడు. 2023 జూలై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లాలో మోరంచపల్లి మునిగింది, జనం ఇళ్ల కప్పులెక్కారు. అలాంటి రాత్రి డెస్క్ నుంచి మొదటి ఫోన్ ఎవరికి వస్తుంది? ఆ మండలం విలేకరికే. బండి అతనిది, పెట్రోల్ అతనిది, ఫోన్ అతనిది, రెయిన్‌కోటు ఉంటే అదీ అతనిదే. మాతో పనిచేసే ఒకాయన రోడ్డు ప్రమాదం వార్త కోసం రాత్రి పోయి, తిరిగొస్తూ లైట్లు లేని ట్రాక్టర్ ట్రాలీని గుద్దుకున్నాడు. కాలు విరిగింది. ఆఫీసుకు ఫోన్ చేస్తే, "అయ్యో పాపం, వారం దాకా వేరేవాళ్లతో వార్తలు పంపించండి" అన్నారు. ఆస్పత్రి ఖర్చు గురించి అడిగితే మాట మారింది. వచ్చిన చందాలన్నీ తోటి విలేకరులు వేసుకున్నవే. వాళ్లలో పోటీ పత్రికల వాళ్లే ఎక్కువ.

కేసు పడినా ఇదే తీరు. వార్త మీ పేజీలో, మీ పత్రిక పేరు కింద అచ్చవుతుంది. నోటీసు మాత్రం మా ఇంటికి వస్తుంది. "ఆ వార్తను మీ కంట్రిబ్యూటర్ పంపారు కాబట్టి ఆయన్నే అడగండి" అని పోలీసులకు చెప్పిన ఆఫీసు కూడా ఉంది.

3. ప్రకటనల టార్గెట్: ఇది మా కష్టం కన్నా ముందు జనం నష్టం.

దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను. చదివేవాళ్లు ఎక్కువగా తెలుసుకోవాల్సింది ఇదే.

అచ్చయిన వార్త కొలతను బట్టి నెలకు మాకొచ్చే డబ్బు పెట్రోల్‌కే చాలదు. ఆగస్టు 15, దసరా, జనవరి 1, జనవరి 26, ఉగాది, పత్రిక వార్షికోత్సవం, ఇన్ని సందర్భాలకూ ప్రకటనల టార్గెట్ ఉంటుంది. అందులో వచ్చే కమిషనే మా అసలు సంపాదన. ఇప్పుడు మండలంలో ప్రకటన ఇవ్వగలిగినవాళ్లు ఎవరో లెక్కేయండి. రైస్ మిల్లు ఓనరు, ఎరువుల డీలరు, విత్తనాల షాపు, ప్రైవేటు స్కూలు, ఆర్ఎంపీ డాక్టరు, రేషన్ డీలరు, ఇసుక ట్రాక్టర్ల మేస్త్రీ, సర్పంచ్, గ్రూపు రాజకీయం నడిపే లీడరు. మండలంలో వార్తలన్నీ ఎవరి గురించి? సరిగ్గా వీళ్ల గురించే.

వడ్ల కొనుగోలు కేంద్రంలో తాలు పేరు చెప్పి, తేమ పేరు చెప్పి బస్తాకు ఎక్కువ తూకం వేసుకుంటారు. రైతు నా దగ్గరకొచ్చి, "జర పేపర్ల రాయి బిడ్డా" అంటాడు. ఆ తరుగు కోసం పట్టుబట్టే మిల్లు వాళ్లు దసరాకు నాకు పావు పేజీ ఇచ్చారు, ఉగాదికి మళ్లీ అడగాలి. నేను రాస్తే ప్రకటన పోతుంది, ప్రకటన పోతే టార్గెట్ పోతుంది, టార్గెట్ పోతే మండలం ఇంకొకరికి ఇస్తారు. రాయకపోతే ఆ రైతు ముఖం మళ్లీ చూడలేను. నకిలీ పత్తి విత్తనాల సంగతీ ఇంతే. విత్తనం మొలవలేదని, కాయ పట్టలేదని రైతు చెప్పే షాపు పేరు మాకు ఎప్పుడో తెలుసు. అధికారులు దాడి చేసి కేసు పెట్టి ప్రెస్‌నోట్ ఇచ్చిన తర్వాతే అది వార్తవుతుంది. అప్పటికి ఆ సీజన్ అయిపోతుంది.

2025 వానాకాలంలో యూరియా కోసం రైతులు సొసైటీల ముందు చెప్పులు, పాస్‌బుక్కులు వరసలో పెట్టి గంటలకొద్దీ నిలబడ్డారు. ఆ ఫొటోలు రాష్ట్రమంతా చూసింది. వాటిలో ఎక్కువ భాగం మండలాల నుంచి మాలాంటివాళ్లం పంపినవే. లైను ఫొటో వచ్చింది సరే, అదే ఊళ్లో ఎక్కువ రేటుకు యూరియా దొరికిన షాపు సంగతి ఎన్ని మండలాల నుంచి వచ్చింది? ఆ షాపు బోర్డు మీద కనపడే పేరే ఆగస్టు 15 శుభాకాంక్షల ప్రకటనలోనూ కనపడుతుంది.

"మా విలేకరులు ప్రకటనలు అడగరు" అని మీరు నలుగురిలో చెబుతారు. నిజమే, వాళ్లు స్టాఫ్ కాబట్టి అడగరు. మేం కంట్రిబ్యూటర్లం, అడగొచ్చు. జర్నలిస్టు ప్రకటనలు అడగకూడదన్న నియమాన్ని ఇలా ఒక్క మాటతో దాటేశారు. తెలివైన పనే, కాదనలేం.

4. పేరు లేనిచోట దొంగ పేర్లు పుడతాయి.

బండి మీద "ప్రెస్" అని రాసుకుని, మెడలో ట్యాగ్ వేసుకుని తిరిగేవాళ్లు ప్రతి మండలంలో పెరిగారు. వాళ్లలో నిజాయతీగా పనిచేసే యూట్యూబ్ ఛానెళ్ల పిల్లలూ ఉన్నారు, అందర్నీ ఒక గాటన కట్టను. కానీ ఇటుక బట్టీ దగ్గరికి పోయి, మొరం తోలే ట్రాక్టర్ ఆపి వీడియో తీసి, "వేయకుండా ఉండాలంటే ఎంతిస్తావ్" అనేవాళ్లూ ఉన్నారు. వీళ్లు వేరు, మేం వేరు అని చూపడానికి మా దగ్గర ఏముంది? మీరిచ్చిన ఐడీ కార్డు మీద "గౌరవ ప్రాతిపదికన" అని రాసి ఉంటుంది. ఇంకో కార్డు మీద ఏ హోదా రాయలేదు, ఫొటో, రక్తం గ్రూపు మాత్రం ఉన్నాయి. మోసపోయిన కిరాణా కొట్టు మనిషి, "మీ పేపరోళ్లంతా గింతే" అంటే మేం ఏ కాగితం చూపి కాదనాలి?

5. అమ్మేవాళ్ల సంగతి.

వార్త రాసేవాడి గోడు అప్పుడప్పుడైనా సభల్లో వినపడుతుంది. అమ్మేవాడిది అదీ లేదు. వానొచ్చినా, ఎండొచ్చినా, ఇంట్లో చావొచ్చినా కట్ట దిగుతుంది. బస్టాండ్ అరుగు మీద కూర్చుని మెయిన్ పేపర్లో జిల్లా పేజీలు, కరపత్రాలు పెట్టి ఇంటింటికీ వేయాలి. ముందే డిపాజిట్ కట్టాలి. మిగిలిన కాపీలు వెనక్కి తీసుకోరు, కాపీలు తగ్గించమంటే తగ్గించరు. చందాదారుడు నెల డబ్బులు ఎగ్గొట్టినా ఏజెంట్ బిల్లులో రూపాయి తగ్గదు. గిఫ్టు ఆశ చూపి సంవత్సరం చందా నేరుగా మీరే కట్టించుకుంటారు. పేపర్ తడిసిందని తిట్లు పడేది మాత్రం వేసినవాడికి.

2020లో కరోనా మొదలవగానే పేపర్ ముట్టుకుంటే వైరస్ వస్తుందన్న భయంతో జనం గేట్లు వేసుకున్నారు. చాలా పత్రికలు జిల్లా టాబ్లాయిడ్లు ఆపేసి, ఆ వార్తలను మెయిన్ పేపర్లో కొన్ని పేజీలకు కుదించాయి. అప్పుడు పోయిన చందాలు ఇప్పటికీ పూర్తిగా తిరిగి రాలేదు. పేపర్ కాగితం ఖరీదు, ఫోన్లో వార్తలు, మీ కష్టాలు మాకు తెలియనివి కావు. అమ్మకం పడిపోతోందని మీ లెక్కల్లో తేలకముందే మా సైకిల్ క్యారియర్ మీద తేలిపోతుంది. అయినా నష్టాన్ని పంచేటప్పుడు మొదటి వాటా కింద ఉన్నవాడికే ఎందుకు?

"పేపర్ బాయ్" అన్న మాట ఇంకో పని కూడా చేస్తోంది. అది పెద్దవాళ్లను చిన్నపిల్లల్ని చేసి జీతం తగ్గిస్తుంది, నిజంగా చిన్నపిల్లలు పనిచేస్తే ఎవరికీ తప్పుగా అనిపించనివ్వదు. బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ తర్వాత 14 ఏళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం నేరం. ఇంటివాళ్ల పనిలో బడి వేళలు కాక సాయం చేయడానికి, బాల కళాకారులకు మాత్రమే మినహాయింపు. 14 నుంచి 18 ఏళ్ల వాళ్లను రాత్రి 7 నుంచి పొద్దున 8 వరకు పని చేయించకూడదని అదే చట్టంలో ఉంది. పేపర్ వేసే వేళ ఎప్పుడో అందరికీ తెలుసు. కలాం గారు కూడా చిన్నప్పుడు పేపర్ వేశారు కదా అంటారు. ఆయన రాష్ట్రపతి అయ్యారు కాబట్టి ఆ సంగతి మీకు తెలిసింది.

6. జిల్లాల ముక్కలతో వార్తలూ ముక్కలయ్యాయి. 2016 అక్టోబర్‌లో పాత వరంగల్ అయిదు జిల్లాలైంది, 2019లో ములుగు కలిసి ఆరు. మహబూబాబాద్ జిల్లాలోకి పోయిన గూడూరు మండలంలో ఏమైందో పక్కనే ఉన్న నర్సంపేట పేపర్లో రాదు. పేజీలు విడిపోయినా మనుషుల్ని పెంచలేదు, ఒక్కొక్కరికి రెండేసి మండలాలు అప్పజెప్పారు.

అందరు యాజమాన్యాలూ ఒకేలా ఉన్నారని మేం అనడం లేదు. కష్టకాలంలో ఆదుకున్నవాళ్లూ ఉన్నారు. కానీ వాళ్లు చేసింది దయతో. మేం అడుగుతున్నది కాగితం.

మా డిమాండ్లు:

ఒకటి. మండలాల నుంచి క్రమం తప్పకుండా వార్తలు పంపే ప్రతి ఒక్కరికీ "విలేకరి" అన్న హోదా రాసి, పూర్తికాలమా పార్ట్‌టైమా చెప్పి, నియామక పత్రం ఇవ్వండి. ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలని కొత్త కోడ్‌లోనే ఉంది. "ప్రధాన వృత్తి వ్యవసాయం" అని మా చేత రాయించుకున్న కాగితాలు మాకు తిరిగి ఇచ్చేయండి.

రెండు. వార్త రాసే మనిషికి ప్రకటనల టార్గెట్, చందాల టార్గెట్ పెట్టడం ఆపండి. ప్రకటనలకు వేరే మనుషుల్ని పెట్టుకోండి. ఇది మిగతా అన్నిటికన్నా ముందు జరగాలి, దీనికి మీకు పెద్ద ఖర్చు కూడా లేదు.

మూడు. విధి నిర్వహణలో గాయపడినా, చనిపోయినా పరిహారం, కేసు పడితే లాయర్ ఖర్చు సంస్థే భరించాలి. వర్కింగ్ జర్నలిస్టుకు మూడేళ్ల సర్వీసుకే గ్రాట్యుటీ హక్కు ఉందని సామాజిక భద్రత కోడ్ చెబుతోంది. ఆ సర్వీసు లెక్క ఇప్పటినుంచైనా రాయండి.

నాలుగు. ఏజెంట్లకు అమ్ముడుపోని కాపీలలో కొంత శాతమైనా వెనక్కి తీసుకోండి. కాపీలు తగ్గించమని రాసిచ్చిన నాటి నుంచి బిల్లు తగ్గించండి. పేపర్ వేసేవాళ్లను మీ రికార్డుల్లో "పత్రికా పంపిణీదారు" అని రాయండి, 18 నిండనివాళ్లను తెల్లవారుజాము పనిలో పెట్టవద్దని ఏజెన్సీ ఒప్పందంలోనే షరతు పెట్టండి.

అయిదు. కార్మిక శాఖ వారికి: అసంఘటిత కార్మికుల కోసం 2021 ఆగస్టులో మొదలైన ఈ-శ్రమ్ పోర్టల్‌లో పత్రికలు అమ్మేవాళ్లు కూడా నమోదు చేసుకోవచ్చు. మా బస్టాండ్ అరుగు మీద కూర్చునే వాళ్లలో ఆ సంగతి తెలిసినవాళ్లు అరుదు. తెల్లవారుజామున పేపర్ కట్టలు దిగే చోటికే ఒకరోజు వచ్చి నమోదు చేయండి. ఆఫీసు టైముకు రమ్మంటే ఆ టైముకు వాళ్లు ఇంకో కూలి పనిలో ఉంటారు. అలాగే మండల విలేకరులు చట్టం కిందికి వస్తారో రారో రాతపూర్వకంగా చెప్పండి. రారు అనుకుంటే అదే రాసివ్వండి, ఆ కాగితం పట్టుకుని కోర్టుకు పోతాం.

మా వినతిపత్రాల రసీదులు మా దగ్గర భద్రంగా ఉన్నాయి. వచ్చే జనవరి 26 ప్రకటనల టార్గెట్ పంపేలోపు జవాబు ఇవ్వండి. ఇవ్వకపోతే మా మండలాల్లో ఎవరమూ ఈసారి ప్రకటనల పుస్తకం ముట్టుకోం. వార్తలు ఎప్పటిలాగే పంపుతాం, పేపర్ ఎప్పటిలాగే వేస్తాం. ఆ కొనుగోలు కేంద్రం తరుగు వార్త కూడా పంపుతాం, అచ్చు వేస్తారో లేదో మీ ఇష్టం.

ఇట్లు,
నర్సంపేట డివిజన్‌లోని కొందరు మండల విలేకరులు, ఏజెంట్లు, పత్రికా పంపిణీదారుల తరఫున
ఒక పేపరాయన